రాతి మీది పేరు కూడా అమానతే



పిల్లల ఫీజులకు, పుస్తకాలకు, రంజాన్ రేషన్‌కు మీరిచ్చిన రూపాయి ఎటు పోయిందో సొసైటీ ఏటా లెక్క చెబుతుంది. ఉపాధ్యాయులుగా మేము ఈ రోజు ఇంకో లెక్క మీ ముందు పెట్టదలిచాం. అది మనకు ముందువాళ్లు ఇచ్చి వెళ్లినదాని లెక్క.

మా పిల్లలు పరీక్ష కోసం పానిపట్టు యుద్ధాల తేదీలు వల్లిస్తారు. తాము రోజూ నడిచే వీధి కథ మాత్రం వాళ్లకు తెలియదు. అందుకే వీలైన ఆదివారాల్లో వాళ్లను ఆబిడ్స్ నుంచి నాంపల్లి దాకా నడిపిస్తాం. ఆబిడ్స్ అంటే ఎవరో ఆబిద్ సాహెబ్ అనుకుంటారు పిల్లలు. ఆయన ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఉండి, ఇక్కడ దుకాణం పెట్టిన ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆర్మీనియన్ అని చెబితే నోరు తెరుస్తారు. ఆ తర్వాత 1935 నాటి మొజంజాహీ మార్కెట్. 2020లో దాని మరమ్మతులు ముగిశాయి. గోపురానికి పాత కళ వచ్చింది, పండ్ల దుకాణాలూ ఐస్‌క్రీమ్ దుకాణాలూ నడుస్తూనే ఉన్నాయి. పాతదాన్ని కాపాడటమంటే తాళం వేయడం కాదని పిల్లలకు అక్కడ చూపిస్తాం.

నాంపల్లి స్టేషను, యూసుఫైన్ దర్గా దాటి పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియం చేరాక గులాం యజ్దానీ గారి పేరు చెబుతాం. 1885లో ఢిల్లీలో పుట్టిన ఆయన మొదట కాలేజీలో పాఠాలు చెప్పారు. 1914లో నిజాం ప్రభుత్వం పురావస్తు శాఖ పెట్టినప్పుడు దాని బాధ్యత తీసుకొని దాదాపు 30 ఏళ్లు మోశారు. అరబ్బీ, ఫార్సీ శాసనాలు చదివి అచ్చు వేయించారు. అజంతా చిత్రాలు పెచ్చులూడుతుంటే ఇటలీ నుంచి నిపుణులను రప్పించి నిలబెట్టారు. పాలంపేట ఆలయాల మీద ఆయన రాసిన పుస్తకం 1922లో వచ్చింది. ఆ రామప్ప గుడినే 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. బౌద్ధుల గుహ, శివుడి గుడి, మన మసీదు, దేని రాయి అయినా ఆయన ఒకే శ్రద్ధతో చదివారు. 1959లో దేశం ఆయనను పద్మభూషణ్‌తో గౌరవించింది.

ఇక మన సంగతి. ఒక పాత మసీదు గుమ్మం మీద శాసనం ఉందని పెద్దలు చెబితే పిల్లలతో వెళ్లాం. అక్షరాలు పెయింటు కింద పూడిపోయాయి. రంగు వేయించినవారిది మంచి ఉద్దేశమే, పండుగకు మసీదు కళకళలాడాలని. కానీ దాన్ని ఎవరు కట్టించారో, ఏ సంవత్సరమో, ఖర్చులకు ఏ ఆస్తి రాసిచ్చారో అక్కడ ఉంటే ఉండవచ్చు. వక్ఫ్‌లో వాకిఫ్ పెట్టిన షరతే ప్రధానం. అది రాతి మీదా, వక్ఫ్‌నామాలోనూ చెరిగిపోతే, రేపు ఎవరైనా ఆ స్థలం మాదంటే మనం ఏం చూపిస్తాం? ఇచ్చినవారి పేరు పోతే, ఎవరి కోసం ఇచ్చారో ఆ అనాథల, విద్యార్థుల హక్కూ పోతుంది.

అందుకే దాతలను మూడు కోరుతున్నాం. పాత కట్టడానికి రంగు వేయించే ముందు శాసనం ఫోటో తీయించి, తెలిసినవారితో చదివించండి. ఇంటి పెట్టెల్లో ఉన్న వక్ఫ్‌నామాలు, సనదులు, పాత ఫోటోలు సొసైటీకి ఒకసారి చూపండి. స్కాన్ చేసి అసలు కాగితం మీకే ఇస్తారు. ఏటా ఇచ్చే స్కాలర్‌షిప్పుల్లో ఒకటైనా ఫార్సీ, ఉర్దూ దస్తావేజులు చదవడం నేర్చుకునే పిల్లకో పిల్లవాడికో కేటాయించండి. ఇవి చదవగలిగిన పెద్దలు ఏడాదికేడాది తగ్గిపోతున్నారు. వాళ్లుండగానే పిల్లలు నేర్చుకోవాలి.

నడిపించే పని మాది, ఆదివారాలు మావి. మీరు తోడు నిలిస్తే ఇదీ సదఖా జారియాయే అవుతుంది. మన ముందువాళ్ల దానాన్ని, మీ దానాన్ని అల్లాహ్ స్వీకరించుగాక. ఆమీన్.