చెరువు వాటాదారుకు చట్టం అండ



ఎవరి స్మృతిలో మనం ఇక్కడ కూడామో ఆ న్యాయవాది నెల్లూరు కోర్టులో ఏళ్ల తరబడి వాటాల తగాదాలు వాదించారు. చెరువు వాటాల విషయం ఎంచుకోవడానికి అదే కారణం.

ఇందుకూరుపేట, విడవలూరు, ముత్తుకూరు వైపు రొయ్యల చెరువులు చాలావరకు వాటాల మీద నడుస్తాయి. నలుగురు కలిసి లీజుకు తీసుకుంటారు. ఒకరు సీడ్ తెస్తారు, ఒకరు మేత అరువు పెట్టిస్తారు. కాగితం రాసుకునేవాళ్లు తక్కువ. వైట్ స్పాట్ వ్యాధి తగిలితే రోజుల్లో చెరువు ఖాళీ అవుతుంది, మేత బాకీ మిగులుతుంది. 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం ఆ బాకీకి భాగస్తులంతా కలిసీ బాధ్యులే, విడివిడిగానూ బాధ్యులే. పావు వాటా ఉన్నవాడి ఇల్లు మొత్తం అప్పుకు జప్తు కావచ్చు. పైగా ఫర్మును రిజిస్టరు చేయించకపోతే, తమకు రావలసిన బాకీ కోసం కొనుగోలుదారు మీద దావా వేసే హక్కు కూడా ఉండదు.

దీనికి మందు పరిమిత బాధ్యత, అంటే పెట్టిన వాటా వరకే నష్టం. అమెరికాలో పరిమిత బాధ్యత కంపెనీల చట్టాలు రాష్ట్రాలవే. 1977లో వయోమింగ్ రాష్ట్రం మొదలుపెట్టింది. మన దగ్గర కంపెనీలూ, 2008 నాటి ఎల్‌ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్య) చట్టమూ కేంద్రానివి. రాష్ట్రం చేతిలో ఉన్నది సహకార చట్టం, రాజ్యాంగంలోని రాష్ట్ర జాబితా 32వ అంశం.

ఆ అధికారాన్ని ఆంధ్రప్రదేశ్ ఒకసారి గొప్పగా వాడుకుంది. 1964 సహకార సంఘాల చట్టం కింద సంఘాల్లో ప్రభుత్వ వాటా ధనం ఉండేది, దాని వెంట అధికారి పెత్తనమూ ఉండేది. పాలకవర్గాన్ని తీసేసి అధికారిని కూర్చోబెట్టడం మామూలైపోయింది. 1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం దీన్ని తలకిందులు చేసింది. సర్కారు వాటా లేదు, ఎన్నికలూ ఆడిటరూ సభ్యుల ఇష్టం. బీహారు, కర్ణాటక, మధ్యప్రదేశ్ అదే దారి పట్టాయి. అలాంటి చట్టాన్ని రాష్ట్రమే 2006లో వెనక్కి లాగింది. పాడి సంఘాలను మళ్లీ 1964 చట్టం కిందికి తెచ్చే సవరణ చేసింది. హైకోర్టు కొట్టేసింది. 2011 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పునే ఖాయం చేసింది. సభ్యులు ఇష్టపడి ఎంచుకున్న సంఘాన్ని వాళ్లను అడగకుండా మార్చే హక్కు ప్రభుత్వానికి లేదన్నదే నా దృఢమైన నమ్మకం కూడా.

ఇప్పుడా 1995 చట్టాన్ని సవరించి చెరువు గట్టుదాకా తీసుకురావాలి. చిన్న సంఘాలకు తయారు నియమావళి కావాలి. ఫోన్‌లోనే నమోదు, సమావేశం నోటీసు జరిగిపోవాలి. వాటా వదులుకునేవాడికి లెక్క ఎలా తేల్చాలో, పంట పోయాక సంఘాన్ని ఎలా మూసెయ్యాలో చట్టంలోనే స్పష్టంగా ఉండాలి. 2020లో ఏర్పడ్డ రాష్ట్ర ఆక్వాకల్చర్ అభివృద్ధి సంస్థ లైసెన్సు సంఘం పేరునే సులువుగా రావాలి.

అన్నిటికన్నా కష్టమైనది ప్రోనోటు. సంఘం పేరిట మేత ఇచ్చే డీలరు సభ్యుడి సంతకం కూడా అడుగుతాడు. ఆ సంతకంతో పరిమిత బాధ్యత కాగితాలకే పరిమితమైపోతుంది. డీలరును తప్పుపట్టలేం, ఆయన సొమ్మూ సొమ్మే. అందుకే సంఘం లెక్కలు అప్పిచ్చేవాళ్లు చూసేలా ఏటా బయటపెట్టాలి. సొంత హామీ తీసుకుంటే వేరే పత్రం మీద, ఇంత మొత్తానికి అని అంకెతో తీసుకోవాలి. అంకె లేని హామీ చెల్లదని చట్టం చెప్పాలి.

ఈ సవరణకు ముసాయిదా రాసే పని నెల్లూరు న్యాయవాదులే చేపట్టాలి. రైతులతో కూర్చుని రాయండి, మన శాసనసభ్యుల చేతికివ్వండి.