డోలునూ అక్షరాన్నీ ఒకే చట్టం ఆపింది



‘హమ్ హోంగే కామ్‌యాబ్’ పాట తెలియనివాళ్లు ఇది చదువుతున్న మీలో దాదాపు ఎవరూ ఉండరు. ప్రార్థన సమయంలోనో, పంద్రాగస్టు నాడో బడిలో వరసగా నిలబడి పాడే ఉంటారు. గిరిజాకుమార్ మాథుర్ హిందీలోకి తెచ్చారు. మూలం ‘వుయ్ షల్ ఓవర్‌కమ్’ అనే ఇంగ్లీషు పాట. నల్లజాతి ఆడకూలీలు సమ్మెలో పాడుకున్న పాట ఇదని సార్లు, టీచరమ్మలు మీకెప్పుడైనా చెప్పారా? మాకైతే ఎవరూ చెప్పలేదు. దేశభక్తి గీతాలతో కలిపి పాడించారు కాబట్టి అదీ దేశభక్తి గీతమే అనుకున్నాం.

నల్లజాతి సంగీతాన్ని, సంస్కృతిని చదువులోకి తేవాలని ఇప్పుడు చాలామంది అంటున్నారు. మంచిదే. కానీ పాట లోపలికొచ్చి, పాడినవాళ్లు గేటు బయటే నిలబడితే దాన్ని కలుపుకోవడం అనగలమా? దీనికి జవాబు ఒక చిన్న దీవిలో ఉంది. అక్కడికి వెళ్లేముందు కొంచెం వెనక్కి పోవాలి.

అమెరికాలోని సౌత్ కరోలినా. అప్పటికది బ్రిటిష్ వలస. 1739 సెప్టెంబరులో స్టోనో నది దగ్గర బానిసలు తిరగబడ్డారు. డోళ్లు కొట్టుకుంటూ నడిచారు. దారిలో ఇంకొందరు వచ్చి కలిశారు. తిరుగుబాటును అణిచేశాక 1740లో అక్కడి తెల్ల యజమానుల సభ ఒక చట్టం చేసింది. బానిసలు డోళ్లు, బూరలు వాడకూడదు, దగ్గర ఉంచుకోకూడదు. బానిసకు రాయడం నేర్పినవాళ్లకు 100 పౌండ్ల జరిమానా. గమనించండి, రెండూ ఒకే చట్టంలో ఉన్నాయి. మన చదువుల్లో డోలును ఒక పక్క, అక్షరాన్ని ఇంకో పక్క పెట్టి, అది ఆట, ఇది పాఠం అంటారు. ఆ యజమానులకు ఆ తేడా లేదు. జనం ఒకరికొకరు కబురు చెప్పుకోవడానికి పనికొచ్చేది ఏదైనా వాళ్లకు భయమే.

డోలు పోయింది. చేతులూ కాళ్లే డోలయ్యాయి. చప్పట్లతో, చెక్క నేల మీద పాదాల దెబ్బలతో తాళం కట్టి, గుండ్రంగా తిరుగుతూ పాడే పద్ధతి ఆ తీరంలో నిలిచిపోయింది. ఒకరు అందుకుంటారు, మిగతావాళ్లు బదులు పాడతారు. ఇది ఎలా ఉంటుందో మన గూడేల్లో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు దీవి దగ్గరకు వద్దాం. పేరు జాన్స్ ఐలాండ్, చార్ల్‌స్టన్ నగరం పక్కనే. స్టోనో నది దాన్ని ఆనుకునే పారుతుంది. అక్కడి నల్లజాతి రైతులు, కూలీలు మాట్లాడేది గల్లా భాష. 1950లలో కూడా వాళ్లలో చాలామందికి ఓటు లేదు. ఓటరుగా నమోదు కావాలంటే రాష్ట్ర రాజ్యాంగంలోని ఒక భాగం చదివి చూపించాలి. చదువు రానివ్వకుండా చేసింది వాళ్లే, చదువు రాదని ఓటు ఆపిందీ వాళ్లే.

ఏసా జెంకిన్స్ అనే ఆయన దీవి నుంచి నగరానికి కూలీలను తీసుకెళ్లే బస్సు నడిపేవాడు. దారిలోనే ఆ రాజ్యాంగ భాగాన్ని చదివి వినిపించేవాడు. ఆ బస్సెక్కే ఆలిస్ వైన్ అనే ఆమె విని విని మొత్తం కంఠస్థం చేసింది. ఓటూ సంపాదించింది. అయినా ఆమెకు తృప్తి లేదు, నాకు నిజంగా చదవడం నేర్పించండి అని అడిగింది. ఒక్కసారి ఆలోచించండి, చట్టం పాఠాన్ని చెవితో పట్టి నిలుపుకున్న మనిషిని లెక్కల్లో ‘నిరక్షరాస్యురాలు’ అని రాసుకుంటారు! నాగలి పేరున్న ఒక పాత భక్తి పాటకు కొత్త మాట కట్టి, దాన్ని ఉద్యమ పాటగా మార్చిందీ ఈ ఆలిస్ వైనే అని చెబుతారు.

1957 జనవరి 7న ఆ దీవిలో మొదటి ‘పౌర పాఠశాల’ మొదలైంది. ముందు గదిలో కిరాణా కొట్టు, వెనక తరగతి. తెల్లవాళ్లకు అనుమానం రాకూడదని ఆ ఏర్పాటు. టెనసీలోని హైలాండర్ జానపద పాఠశాల అప్పు ఇచ్చింది. వెనక నిలబడింది సెప్టిమా క్లార్క్. నల్లజాతి హక్కుల సంఘంలో సభ్యత్వం వదులుకోనందుకు 1956లో టీచరు ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి ఆమె. పాఠం చెప్పడానికి కావాలనే టీచరు కాని మనిషిని ఎంచుకున్నారు. బెర్నిస్ రాబిన్సన్ బట్టలు కుట్టేది, జుట్టు అలంకరించే పని చేసేది. తెల్ల యజమాని తీసేయగల ఉద్యోగం కాదు కదా, అదీ ఒక ధైర్యం.

ఆమె మొదట చిన్నపిల్లల చార్టులు తీసుకెళ్లింది. పెద్దవాళ్ల ముందు అవి అవమానంగా ఉంటాయని తొందరగానే గ్రహించింది. పక్కన పెట్టేసి, మీకేం నేర్చుకోవాలని ఉంది అని అడిగింది. దూరాన ఉన్న కొడుకు ఉత్తరం చదవాలి అన్నారు. మనియార్డరు ఫారం నింపాలి, బైబిలు చదవాలి అన్నారు. పాఠ్యప్రణాళిక అక్కడే తయారైంది. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటనను గోడకు అంటించి, బడి అయిపోయేలోపు ఇది చదవగలగాలి అని గురి పెట్టింది. మొదటి తరగతిలో 14 మంది.

మరి పాట ఎక్కడుంది అంటారా? వస్తున్నా. 1959లో హైలాండర్‌లో చేరిన గై కారవాన్ అనే తెల్ల గాయకుడు ఈ తరగతుల్లో పాటలు పాడించడానికి జాన్స్ ఐలాండ్ వచ్చాడు. అక్కడ మూవింగ్ స్టార్ హాల్ అనే చిన్న ప్రార్థనశాలలో ముసలివాళ్లు పాడే పాత పాటలు విని ఆశ్చర్యపోయాడు. అదే దీవిలో చదువుకున్న పిల్లలకేమో అవంటే సిగ్గు. గల్లా అంటే పాడైన ఇంగ్లీషు అని, ఆ పాటలు బానిసకాలపు మోటుతనం అని బడి వాళ్లకు నేర్పింది. అప్పటికే లొరెంజో డౌ టర్నర్ అనే నల్లజాతి భాషావేత్త గల్లాలోని వేలాది మాటలకు ఆఫ్రికా మూలాలు చూపించి 1949లో పుస్తకం వేశాడు. పుస్తకం వచ్చినంత మాత్రాన బడి మారదని మనకు తెలియంది కాదు. తమ పాటకు విలువ ఉందని పిల్లలకు తెలియాలంటే ఆ ముసలివాళ్లే వచ్చి ముందు నిలబడాలి. ఆ దీవిలో తర్వాత జరిగిన పాటల పండగల్లో వాళ్లు అలాగే నిలబడ్డారు.

ఇక సమ్మె పాట సంగతి. 1945–46లో చార్ల్‌స్టన్ సిగార్ ఫ్యాక్టరీలో సమ్మె జరిగింది. కూలీల్లో ఎక్కువమంది నల్లజాతి ఆడవాళ్లు. వాళ్లలో లూసిల్ సిమన్స్ ఒక పాత చర్చి పాటను నిదానంగా, సాగదీసి పాడేది. హైలాండర్‌లో సంగీతం చూసే జిల్ఫియా హార్టన్ ఆ సమ్మె మనుషుల దగ్గరే నేర్చుకుంది. 1960 ఏప్రిల్‌లో రాలీ నగరంలో విద్యార్థి ఉద్యమకారులకు దాన్ని నేర్పింది మన కారవానే. కాపీరైటు మాత్రం నలుగురి పేర్ల మీద నమోదైంది. నలుగురూ తెల్లవాళ్లు. సిమన్స్ పేరు లేదు. వాళ్లను దొంగలు అని నేననను. వచ్చిన రాయల్టీ ఒక నిధికి పోయి, దక్షిణాది నల్లజాతి సమూహాల పనులకు ఖర్చయింది. 2018లో కోర్టు కేసు రాజీతో పాట అందరి సొత్తయింది. కానీ స్నేహితులు కూడా ఎంత తేలిగ్గా పేరు మరిచిపోతారో చూడండి.

ఇవన్నీ పాతకాలం అనుకోకండి. గ్లోరియా లాడ్సన్-బిల్లింగ్స్ అనే నల్లజాతి విద్యావేత్త 1990లలో ఒక రెండో తరగతి టీచరు గురించి రాశారు. పిల్లల్నే తమకు నచ్చిన ర్యాప్ పాటలు తెమ్మని, వాటి మాటలకు పైఅర్థం, లోఅర్థం, ప్రాస విడదీయించి, ఆ తర్వాతే పుస్తకంలోని కవితల దగ్గరకు తీసుకెళ్లేదట. ర్యాప్‌ను చక్కెర గుళికలా వాడి అసలు పాఠం మింగించడం కాదు, ర్యాప్ కూడా పాఠమే. ఈ తేడా పట్టుకోకపోతే మిగతాదంతా వార్షికోత్సవం డాన్సే.

వార్షికోత్సవం అంటే గుర్తొచ్చింది. థింసా, కొమ్ముకోయ, గుస్సాడి మన దగ్గర ఎప్పుడు కనబడతాయి? మంత్రిగారు హెలికాప్టర్ దిగినప్పుడు. మర్నాడు తరగతిలో అదే పిల్ల కోయలోనో గోండిలోనో జవాబు చెబితే “తెలుగులో చెప్పమ్మా” అంటారు. జాన్స్ ఐలాండ్ పిల్లల సిగ్గు ఎక్కడ పుట్టిందో మీకిప్పుడు తెలుసు.

టీచర్లుగా ఉన్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. సమ్మె పాట పాడించేటప్పుడు సిమన్స్ పేరు చెప్పండి, అయిదు నిమిషాలు చాలు. తర్వాత ఊళ్లో పాట వచ్చిన అవ్వను బడికి పిలవండి. కుర్చీ వేయండి. శిక్షణలకొచ్చే రిసోర్స్ పర్సన్‌కు ఎంత ఇస్తారో ఆమెకూ అంతే ఇవ్వమని హెడ్‌మాస్టర్‌తో మాట్లాడండి, కాగితం మీద రాయించండి. ఫోన్‌లో రికార్డు చేసేముందు ఆమెను అడగండి. చావు నాటి పాట ఉంటుంది, వేల్పు ముందే పాడాల్సింది ఉంటుంది. ఏది బడిలో పాడొచ్చో, ఏది పాడకూడదో ఆమె చెబుతుంది, మీరు రాసుకోండి.