భోజనాల బల్ల మీద వైను సీసా
(సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన పిల్లలు చాలామంది బెంగుళూరులోనో, అమెరికాలోనో స్థిరపడ్డారు. మనం వెళ్ళినప్పుడు రాత్రి భోజనాల వేళ వైను సీసా తెరిచి, "కాస్త రుచి చూడండి నాన్నగారూ" అంటారు. కాదంటే వాళ్ళు చిన్నబుచ్చుకుంటారేమో, ఔనంటే శ్రీమతి ఏమంటుందో! అందుకే ఈ నాలుగు మాటలు.

వైను గడగడా తాగేది కాదు. గ్లాసులో మూడోవంతు పోసి, రంగు చూసి, వాసన పీల్చి, చిన్న గుక్క నోట్లో తిప్పి మింగాలి. ఎర్ర వైనులోని వగరు ద్రాక్ష తొక్కల నుంచీ, గింజల నుంచీ వస్తుంది. అది కొవ్వున్న మాంసం కూరకు నప్పుతుంది. గుంటూరు కారానికి మాత్రం మంట పెంచుతుంది. కారం కూరలకు చల్లబరిచిన, కాస్త తీపి ఉన్న తెల్ల వైను మేలు. చింతపండు పులుసు ముందు పులుపు తక్కువైన వైను చప్పగా తోస్తుంది.

ఇక అసలు మాట. 12 శాతం ఆల్కహాలున్న వైను 150 మిల్లీలీటర్లలో సుమారు 14 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. గుండెకు మంచిదట అని కొత్తగా మొదలుపెట్టవద్దు. ఆరోగ్యానికి హాని చేయని మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించింది. నిద్రమాత్రలు వేసుకునేవారు అసలు ముట్టరాదు. ఇన్సులిన్‌తోను, కొన్ని షుగరు మాత్రలతోను కలిస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. ముందుగా డాక్టరుగారిని అడగండి.

వద్దనుకున్నవారు "నాకు మజ్జిగ చాలు నాయనా" అనండి. అందులో నామోషీ లేదు. పిల్లలు కోరేది మనం వాళ్ళతో కలిసి కూర్చుని భోంచేయడమే.