పాత పేజీ చింపకండి: కంప్యూటర్ రిజిస్ట్రీ గురించి నాలుగు మాటలు

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో పుస్తక నిర్వహణ ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



పొదుపు గురించి, బ్యాంకు లింకేజీ గురించి, స్త్రీనిధి గురించి పొద్దుటి నుంచి మాట్లాడుకున్నాం. మేము మాత్రం సమాఖ్య ఆఫీసులో ఉన్న కంప్యూటర్ గురించి చెప్పడానికి నిలబడ్డాం. పుస్తకాల నిర్వహణ మన పంచసూత్రాల్లో ఒకటి. ఆ పుస్తకాలు ఇప్పుడు సగం బీరువాలో ఉంటే సగం కంప్యూటర్‌లో ఉన్నాయి. ఏ అక్క ఎంత కట్టింది, ఎవరి అప్పు ఎంత మిగిలింది, ఏ సంఘం కిస్తీ ఏ తేదీన జమయింది, అన్నీ దాంట్లోనే. అది మొండికేస్తే ముందు ఇబ్బంది పడేది మనమే.

ఈ ఏడాది ఆ కంప్యూటర్ బాగా నెమ్మదించింది. అదే రోజుల్లో తెర మీద ఒక పెట్టె వచ్చింది. "మీ రిజిస్ట్రీలో వందల తప్పులున్నాయి, వెంటనే శుభ్రం చేయండి" అని ఇంగ్లీషులో ఉంది. డబ్బు కడితే బాగుచేస్తామని కూడా ఉంది. ఆపరేటర్ చెల్లి దాన్ని నొక్కకుండా మమ్మల్ని అడిగింది. అప్పుడు తెలిసినవాళ్లను కూర్చోబెట్టి ఈ రిజిస్ట్రీ సంగతేమిటో తెలుసుకున్నాం. గ్రామ సంఘాల్లోనూ, మీ ఇళ్లల్లో పిల్లల దగ్గరా ల్యాప్‌టాప్‌లున్నాయి కాబట్టి మీకూ చెబుతున్నాం.

రిజిస్ట్రీ అంటే విండోస్ తన సొంత లెక్కలు రాసుకునే రిజిస్టరు. ఏ ప్రింటర్ తగిలించాం, తెలుగు టైపింగ్‌కి ఏ కీబోర్డు పెట్టుకున్నాం, లెక్కల సాఫ్ట్‌వేర్ ఎక్కడుంది, ఆన్ చేయగానే ఏవేవి మొదలవ్వాలి, ఇవన్నీ అందులో రాసి ఉంటాయి. విండోస్ 95 కాలం నుంచీ ఇదే పద్ధతి. పైకి ఐదు పెద్ద శాఖలు కనబడతాయి. వాటి కింద లక్షల్లో ఎంట్రీలుంటాయి.

ఒక సాఫ్ట్‌వేర్ తీసేసినా దాని ఎంట్రీలు కొన్ని మిగిలిపోతాయి. క్లీనర్లు అమ్మేవాళ్లు 'తప్పులు' అని చూపించేవాటిలో ఎక్కువ ఇవే. మన పద్ధతి ఒకసారి గుర్తు చేసుకోండి. సభ్యురాలు సంఘం నుంచి వెళ్లిపోతే లెడ్జర్‌లో ఆమె పేజీ చింపేస్తామా? చింపం. ఖాతా ముగించినట్టు రాసి వదిలేస్తాం. ఆ పేజీ వెనక వైపు ఇంకొకరి లెక్క ఉండొచ్చు, రేపు ఆడిట్‌లో ఆ నంబరు అడగొచ్చు. రిజిస్ట్రీలోనూ అంతే. పనికిరానిదిగా కనబడే ఎంట్రీని ప్రింటరో, వేలిముద్ర మిషనో వాడుకుంటూ ఉండొచ్చు. దాన్ని తీసేస్తే ఆ మిషను ఆగిపోవచ్చు, ఒక్కోసారి విండోసే తెరుచుకోకపోవచ్చు.

పోనీ, తీసేస్తే వేగం పెరుగుతుందా అంటే అదీ లేదు. విండోస్ ఆ రిజిస్టరును మొదటి పేజీ నుంచి చివరిదాకా చదువుతూ కూర్చోదు, కావాల్సిన చోట తెరిచి చూసుకుంటుంది. కొన్ని వందల చిన్న ఎంట్రీలు తీసినంత మాత్రాన మనకు తెలిసేంత తేడా రాదు. విండోస్ తయారుచేసిన మైక్రోసాఫ్టే రిజిస్ట్రీ క్లీనర్ల వాడకానికి తమ మద్దతు లేదని రాసిపెట్టింది. వాటివల్ల పాడైతే విండోస్ మొత్తం మళ్లీ వేసుకోవాల్సి రావచ్చని కూడా హెచ్చరించింది.

శుభ్రం చేసే సాధనం కూడా మోసపోవచ్చు. సీక్లీనర్ అనేది చాలామంది వాడే సాఫ్ట్‌వేర్. 2017లో దొంగలు దాని తయారీలోకే చొరబడి చెడ్డ ప్రోగ్రామ్ కలిపారు. దాదాపు 22 లక్షల 70 వేల మంది ఆ చెడ్డ వెర్షన్ వేసుకున్నారు. ఇక 2019లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ రెండు సంస్థల మీద ఇంకో రకం కేసు పెట్టింది. కంప్యూటర్ పరీక్ష పేరుతో ముందు "నెమ్మదిగా ఉందా, ఆగిపోతోందా" అని నాలుగు ప్రశ్నలు అడిగేవారట. ఒక్కదానికి టిక్కు పెట్టినా వైరస్ లక్షణాలున్నాయని చూపించి రిపేరు అంటగట్టేవారని కమిషన్ ఆరోపణ. ఆ రెండు సంస్థలూ కలిపి 3 కోట్ల 50 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నాయి. తెర మీద కనబడే తప్పుల సంఖ్యను ఎంతవరకు నమ్మాలో దీన్నిబట్టి తెలుస్తుంది.

మరి కంప్యూటర్ నెమ్మదిస్తే ఏం చేయాలి? ముందు మన లెక్కల ఫైళ్లు విడిగా ఒక హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేయాలి. కాపీ అయ్యాక ఆ డిస్క్ తీసేసి బీరువాలో పెట్టాలి. తర్వాత కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో స్టార్టప్ అనే చోట, ఆన్ చేయగానే మొదలయ్యే ప్రోగ్రాములు ఉంటాయి. మనకు తెలిసి, అక్కర్లేనివాటిని డిజేబుల్ చేయాలి. తెలియనివాటిని ముట్టుకోవద్దు. వాడని సాఫ్ట్‌వేర్‌ను సెట్టింగ్స్‌లో యాప్స్‌లోకి వెళ్లి అక్కడి నుంచే తీసేయాలి. డిస్క్ నిండిపోయిందేమో చూడాలి. మన ఆఫీసు కంప్యూటర్‌కు ఈ పనులే సరిపోయాయి. రిజిస్ట్రీ తెరవాల్సిన అవసరమే రాలేదు.

విండోసే సరిగా పనిచేయకపోతే బాగుచేసే సాధనం విండోస్‌లోనే ఉంది. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ఎస్.ఎఫ్.సి. అని కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి స్కాన్‌నౌ అని ఇంగ్లీషులో కొట్టాలి. పాడైన విండోస్ ఫైళ్లను అది వెతికి సరిచేస్తుంది. పైసా ఖర్చు లేదు. అయ్యేదాకా మధ్యలో ఆపకూడదు, కరెంటు పోయే సమయంలో మొదలుపెట్టకూడదు.

ఎప్పుడో ఒకసారి నిజంగానే రిజిస్ట్రీలో ఒక ఎంట్రీ మార్చాల్సి రావచ్చు. ఒక సాఫ్ట్‌వేర్ ఇచ్చినవాళ్లే ఫలానా చోట ఫలానా మార్పు చేయమని చెబుతారు. అప్పుడు ముందు రెండు నకళ్లు తీసుకోవాలి.

మొదటిది రిస్టోర్ పాయింట్. వెతికే చోట 'క్రియేట్ ఎ రిస్టోర్ పాయింట్' అని కొడితే కిటికీ తెరుచుకుంటుంది. అందులో సిస్టమ్ ప్రొటెక్షన్ ఆన్‌లో ఉందో లేదో చూడాలి, కొన్ని కంప్యూటర్లలో ఆపేసి ఉంటుంది. ఆన్ చేసి, క్రియేట్ నొక్కి, తేదీ వేసి పేరు పెట్టాలి. దీనివల్ల విండోస్ సెట్టింగులు వెనక్కి తెచ్చుకోవచ్చు. మన లెక్కల ఫైళ్లను మాత్రం ఇది దాచదు. హార్డ్ డిస్క్ కాపీ వేరేగా ఉండాల్సిందే.

రెండోది మార్చబోయే శాఖ నకలు. విండోస్ మీట, ఆర్ మీట కలిపి నొక్కి రెజెడిట్ అని ఇంగ్లీషులో కొడితే రిజిస్ట్రీ తెరుచుకుంటుంది. మార్చాల్సిన శాఖ మీద నిలబడి ఫైల్‌లో ఎక్స్‌పోర్ట్ నొక్కి దాచుకోవాలి. తేడా వస్తే ఆ ఫైలును రెండుసార్లు నొక్కితే పాత విలువలు తిరిగొస్తాయి. కొత్తగా చేర్చినవాటిని అది తీసేయదు, కాబట్టి ఏం చేర్చామో కాగితం మీద రాసుకోవాలి. రిజిస్ట్రీలో సేవ్ అనే మీట ఉండదు. మార్చిన మరుక్షణం మారిపోతుంది.

విండోసే ఎక్కడో నకలు దాచి ఉంటుందిలే అనుకోవద్దు. గతంలో అది తనంతట తాను రిజిస్ట్రీ నకలు తీసుకునేది. 2018లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ నుంచి ఆ అలవాటు మాన్పించారు.

ఇంకొక్క మాట. "మీ కంప్యూటర్‌లో తప్పులున్నాయి, మేం దూరం నుంచే బాగుచేస్తాం" అని ఫోన్ వస్తే పెట్టేయండి. వాళ్లు చెప్పిన యాప్ వేస్తే మన తెర మొత్తం వాళ్ల చేతుల్లోకి పోతుంది, బ్యాంకు ఖాతాతో సహా. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి, బ్యాంకుకూ చెప్పాలి. సిగ్గుపడి దాచుకోవద్దు. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపడానికి అంత అవకాశం ఉంటుంది.

మహాసభ ముందు మేము మూడు తీర్మానాలు పెడుతున్నాం. ఒకటి, రిజిస్ట్రీ క్లీనర్ ఏదీ మన కంప్యూటర్లలో వేయరాదు. రెండు, ప్రతి నెలా కార్యవర్గ సమావేశం ముందురోజు లెక్కల కాపీ హార్డ్ డిస్క్‌లోకి తీసి, అది తెరుచుకుంటోందో లేదో చూసి, మినిట్స్‌లో రాయాలి. మూడు, బయటి మెకానిక్ వస్తే ఏం మార్చాడో రాసి సంతకం పెట్టాలి, పక్కన మన మనిషి ఒకరు కూర్చోవాలి. అడిగితే ఏమనుకుంటాడో అని మొహమాటపడొద్దు. బ్యాంకులో పాస్‌బుక్ చూపించమని అడగడం నేర్చుకున్నవాళ్లం, ఇది అడగలేమా?

ఈ మూడింటి మీద మీ అభిప్రాయాలు చెప్పండి. ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తితే ఈ రోజే తీర్మానం పుస్తకంలో రాసుకుందాం.