మక్కాలో సంతకం, కాబూల్‌పై రాకెట్లు
(హక్కుల కార్యకర్తల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



శత్రువుల చేతిలో కన్నా తన నాయకుల చేతిలోనే ఎక్కువగా ధ్వంసమైన ఒక ప్రభుత్వ చరిత్రను మీ ముందుంచదలచాను. అది 1992 నుండి 1996 వరకు అఫ్ఘానిస్తాన్‌ను ఏలిన ముజాహిదీన్ ప్రభుత్వం.

1992 ఏప్రిల్‌లో నజీబుల్లా పాలన కూలింది. పోరాట పక్షాలు పెషావర్‌లో ఒప్పందం కుదుర్చుకున్నాయి. అధ్యక్ష పదవి సిబ్గతుల్లా ముజద్దిదీకి రెండు నెలలు, పిదప బుర్హానుద్దీన్ రబ్బానీకి నాలుగు నెలలు. ప్రధాని పదవి గుల్బుద్దీన్ హిక్మత్యార్ పక్షానికి, రక్షణ శాఖ అహ్మద్ షా మసూద్‌కు. హిక్మత్యార్ దీనికి సమ్మతించలేదు. పదవులు పంచారు గాని సైన్యాలను కలపలేదు. మూలదోషం అదే.

ఆ ఆగస్టులోనే హిక్మత్యార్ రాకెట్లు రాజధానిపై కురిశాయి. రబ్బానీ గడువు ముగిసినా గద్దె దిగలేదు. డిసెంబరులో షూరా సమావేశపరచి పదవిని పొడిగించుకున్నారు. పలు పక్షాలు దానిని బహిష్కరించాయి. 1993 ఫిబ్రవరిలో కాబూల్‌లోని అఫ్షార్ పేటపై మసూద్, సయ్యాఫ్ బలగాలు దాడి చేశాయి. అల్పసంఖ్యాకులైన హజారాలు హతులయ్యారు.

మార్చిలో ఇస్లామాబాద్‌లో మరో ఒప్పందం జరిగింది. నాయకులు మక్కాకు వెళ్లి దానిని ధ్రువపరచి వచ్చారు. హిక్మత్యార్ ప్రధాని అయ్యారు. అయినా ఆయన స్థావరం రాజధాని వెలుపలి చారాసియాబ్‌లోనే నిలిచింది. 1994 జనవరి 1న, నిన్నటి వరకు మసూద్ మిత్రుడైన దోస్తుమ్‌తో చేతులు కలిపి, తాను ప్రధానిగా ఉన్న ప్రభుత్వంపైనే ఆయన యుద్ధం ప్రకటించారు. 1996 జూన్‌లో మళ్లీ రాజీపడి ప్రధాని పదవి స్వీకరించారు. అప్పటికే ఆలస్యమైంది. సెప్టెంబరు 27న తాలిబాన్ కాబూల్‌ను వశపరచుకుంది.

మిత్రులారా, వీరందరి కలిమా ఒక్కటే, ఖిబ్లా ఒక్కటే. ఐక్యతకు అది చాలలేదు. అధికారం అమానత్ అన్న స్పృహ, గడువు తీరితే దిగిపోయే నియమం, ఆయుధాన్ని చట్టానికి లోబరచే వ్యవస్థ వారికి కొరవడ్డాయి. ఇవి లేనిచోట పవిత్ర స్థలంలో చేసిన సంతకం కూడా కాగితంగానే మిగులుతుంది. నాయకులు పోట్లాడుకుంటే ముందుగా నేలకూలేది బలహీనుల ఇల్లే.

మనమూ అల్పసంఖ్యాకులమే. అఫ్షార్‌లో చనిపోయినవారిని చంపినవారు ముస్లిములు గనుక మనం మౌనం వహిస్తే, రేపు మనకోసం న్యాయం అడిగే నైతిక బలం మనకెక్కడిది? మన మసీదు కమిటీలలో, హక్కుల సంఘాలలో ఆయుధాలు లేవు; కుర్చీ వ్యామోహం మాత్రం లేదనగలమా? గడువు, లెక్క, సంప్రదింపు అనే మూడింటినీ మన గుమ్మం నుండే ఆరంభిద్దాం.