సఖ్యమా? పణమా?



ఈనాడు మనం విచారించవలసిన విషయం మన పిల్లల చేతులలోని సెల్‌ఫోనులో ఉన్నది. దానిని మీమ్ కాయిన్ అంటారు. జనం నవ్వుకొనే బొమ్మ పేరుతో నడిచే కంప్యూటర్ నాణెం అది. దాని చుట్టూ అనేక దేశాలవారు చేరి అభిమాన సంఘాలు కట్టుకొన్నారు. సినిమా నటులకు అభిమానులుండటం మనకు తెలిసినదే. నాణేనికి అభిమానులేమిటని పెద్దలు నవ్వవచ్చు. కాని అది నవ్వి ఊరుకొనే విషయం కాదు. అక్కడ మన పిల్లల ధనంతో పాటు వారి స్నేహబుద్ధి కూడా పణంగా పడుతున్నది.

తెలియకుండా నిందించటం విద్వాంసుల లక్షణం కాదు గనుక ముందు దాని చరిత్ర తెలుసుకొందాం. 2013 డిసెంబరులో బిల్లీ మార్కస్, జాక్సన్ పామర్ అనే ఇద్దరు డోజ్‌కాయిన్ అనే నాణేన్ని పరిహాసంగా సృష్టించారు. దాని గుర్తు జపాను దేశంలోని కబోసు అనే శునకం. దానిని పెంచిన ఆమె 2010లో తీసిన ఛాయాచిత్రమే లోకమంతా నవ్వుకొనే బొమ్మ అయింది. 2024 మే నెలలో ఆ శునకం మరణించింది. నాణెం మాత్రం మిగిలింది.

తొలి దినాలలో ఆ నాణెం విలువ ఒక సెంటులో కొద్ది భాగమే. దాచుకొన్నందువల్ల లాభమేమీ కనబడేది కాదు. అందుచేత ఒకరి మాట నచ్చితే మరొకరు కొన్ని నాణేలు బహుమానంగా పంపేవారు. 2014లో జమైకా దేశపు బాబ్‌స్లెడ్ జట్టుకు సోచి శీతకాల ఒలింపిక్స్‌కు వెళ్లటానికి డబ్బు చాలకపోతే, ఈ అభిమానులు పాతికవేల డాలర్లకు పైగా విరాళం కూర్చారు. అదే సంవత్సరం కెన్యా దేశంలో మంచినీటి వసతికి చందాలు వేసుకొన్నారు. ముఖపరిచయమైనా లేనివారి దాహం తీర్చటం పుణ్యకార్యమే. దానిని మనం శ్లాఘించాలి.

తరువాత ధర పెరిగింది. ధరతో పాటు బుద్ధి మారింది. 2021 మే నెలలో ఒక్క నాణెం డెబ్బై సెంట్లు దాటింది. ఆ నెల 8వ తేదీన ఎలాన్ మస్క్ అనే ధనికుడు అమెరికా టెలివిజనులో ఒక హాస్య కార్యక్రమానికి వచ్చాడు. ఆయన నోట తమ నాణెం మాట వింటే ధర ఆకాశమంటుతుందని అభిమానులు ఎదురుచూశారు. ఆ కార్యక్రమం సాగుతుండగానే ధర కూలటం మొదలైంది. 2022 జూన్ నాటికి అది పదవ వంతుకన్న తక్కువకు దిగిపోయింది. చిత్రమేమంటే, సృష్టికర్తలలో ఒకరైన మార్కస్ 2015లోనే తన నాణేలన్నీ అమ్ముకొన్నాడు. వచ్చిన సొమ్ము ఒక పాత కారు వెలకు సరిపోయిందని తానే చెప్పాడు.

ఇప్పుడు ఇటువంటి సంఘాలలో నడిచే భాషను గమనించండి. ధర పడినా అమ్మనివానికి డైమండ్ హ్యాండ్స్, అనగా వజ్రహస్తుడు అని బిరుదు. ఇంటి అవసరానికి అమ్ముకొన్నవాడు కాగితపు చేతులవాడు. సందేహం అడిగినవాడు భయం పుట్టించే శత్రువు. మన ఉపనిషత్తులలో శిష్యుడు ప్రశ్నిస్తాడు, గురువు సమాధానం చెబుతాడు. ప్రశ్న లేనిదే ఉపనిషత్తు లేదు. ప్రశ్న అడిగినవానిని వెలివేసే కూటమిని సత్సంగమని ఎట్లా అనగలం?

అక్కడ ప్రశ్నకు ఎందుకు భయం? లెక్క చూస్తే తెలుస్తుంది. పొలం పంటనిస్తుంది, గోవు పాలనిస్తుంది. ఈ నాణెం తనంత తాను ఏమీ ఈనదు. పైగా డోజ్‌కాయిన్లు నిమిషానికి పదివేల చొప్పున, ఏటా ఐదు వందల కోట్లకు పైగా క్రొత్తవి పుడుతూనే ఉంటాయి. వాటిని కొనేవారు వస్తూ ఉంటేనే ధర నిలుస్తుంది. కనుక ముందు చేరినవాని లాభం వెనుక వచ్చేవాని జేబులో ఉన్నది. “రా తమ్ముడూ” అన్న పిలుపులో ప్రేమ ఎంతో, అవసరమెంతో పిలిచేవానికే తెలియదు. దేవాలయంలో తీర్థం ముందు వచ్చినవానికీ ఒకటే, చివర వచ్చినవానికీ ఒకటే. క్రొత్తగా వచ్చిన భక్తుడు పాతవానికి లాభమూ కాడు, నష్టమూ కాడు.

ఇక పచ్చి మోసాలు వేరే ఉన్నవి. 2021లో స్క్విడ్ గేమ్ అనే ప్రసిద్ధ ధారావాహిక పేరు పెట్టి ఎవరో ఒక నాణెం విడిచారు. కొన్నవారికి అమ్ముకొనే దారి లేకుండా పోయింది. ఆ నవంబరులో నిమిషాలలో దాని విలువ సున్న అయింది. మన ప్రభుత్వం 2022 ఏప్రిల్ నుండి ఇటువంటి లాభాలపై నూటికి ముప్ఫై పన్ను విధించింది. పన్ను వేశారు గనుక దీనిని ప్రభుత్వం అంగీకరించినట్లేనని కొందరు భ్రమపడుతున్నారు. మన దేశంలో ఇది చట్టబద్ధమైన ద్రవ్యం కాదు.

ఋగ్వేదం పదవ మండలంలో ముప్ఫై నాలుగవది అక్షసూక్తం. అందులో జూదరి తన గోడు తానే చెప్పుకొంటాడు. ఇక ఆడరాదని అతడు నిశ్చయించుకొంటాడు. కాని మిత్రులు వెళ్లిపోతుంటే తానొక్కడే వెనుకబడిపోతున్నానని బాధపడతాడు. పాచికల చప్పుడు వినగానే మళ్లీ పరుగెత్తుతాడు. గమనించారా! అతనిని లాగినది ధనాశ ఒక్కటే కాదు, ఒంటరితనం కూడా. ఆ సూక్తం చివర చేసే ఉపదేశం, పాచికలు విడిచి పొలం దున్నుకొమ్మని.

ధర్మరాజు చరిత్ర దీనికి వ్యాఖ్యానం వంటిది. ద్యూతసభలో ఆయన తనను నమ్మిన తమ్ములను, ధర్మపత్నిని పణంగా ఒడ్డాడు. అదే ధర్మరాజు మహాప్రస్థానంలో, వెంట నడిచి వచ్చిన ఒక శునకాన్ని విడువమని ఇంద్రుడు చెబితే, నన్ను నమ్మి వచ్చిన ప్రాణిని విడిచి నాకు స్వర్గం వద్దన్నాడు. నమ్మినవారిని పణం పెట్టటం ద్యూతం. నమ్మినవారిని స్వర్గం కోసమైనా విడువకపోవటం సఖ్యం. శునకం బొమ్మగల నాణేన్ని చేతపట్టిన మన పిల్లలకు ఈ కథ చెప్పండి. అట్టి సంఘంలో ఉన్నవాడు తనను తాను అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: “నేను రేపు ఇవన్నీ అమ్మివేసి వట్టి చేతులతో వస్తే, వీరు నన్ను పలుకరిస్తారా?”

తల్లిదండ్రులారా! నష్టపోయిన బిడ్డ ఇంటికి వచ్చినపుడు ముందు లెక్క అడుగకండి. అన్నం పెట్టండి. ఆ జూదరికి ఇంటి తలుపులు మూసుకుపోయినవని అక్షసూక్తమే చెబుతున్నది. ఇంట పలుకరించేవారు లేనివాడే బయటి పలుకరింపుకు వెల చెల్లిస్తాడు. సాయంకాలం ఒక గంట సెల్‌ఫోను ప్రక్కన పెట్టి మీ బిడ్డల ప్రక్కన కూర్చోండి. ఊరి చెరువు పూడిక తీయటానికో, అన్నదానంలో వడ్డించటానికో వారిని వెంట తీసుకొని వెళ్లండి. కెన్యాలో నీటి కోసం చందా వేసిన చేతులలోని మంచి మన పిల్లల చేతులలోనూ ఉన్నది. దానికి దారి చూపటం మన ధర్మం.

పరమాత్మ మన బిడ్డలకు పణం కోరని స్నేహాన్ని ప్రసాదించు గాక!

స్వస్తి.