టెలివిజనుకు తాళము



ఇంటిలో పిల్లలేమి చూడవలెనో నిర్ణయించు అధికార మెవరిది? ఈ ప్రశ్నకు అమెరికా సంయుక్త రాష్ట్రములు 1996లో చట్టరూపమున సమాధానము చెప్పినవి. ఆ సంవత్సరము ఫిబ్రవరిలో అధ్యక్షుడు క్లింటన్ సంతకము చేసిన టెలికమ్యూనికేషన్ల చట్టము, టెలివిజను పెట్టెలలో ‘వి-చిప్’ అను పరికరమును అమర్చవలెనని శాసించినది. 2000 జనవరి 1 నుండి 13 అంగుళములు, అంతకు మించిన తెర గల ప్రతి క్రొత్త పెట్టెకును ఇది విధియైనది.

ప్రతి కార్యక్రమముతో పాటు దాని తరగతిని తెలుపు సంకేతము ప్రసారమగును. ఇది పసిపిల్లలకు తగినది, ఇది 14 ఏండ్ల లోపువారికి తగనిది, ఇది పెద్దలకే అని. తల్లిదండ్రులు రహస్యసంఖ్యను నొక్కి హద్దు నేర్పరచినచో, దానిని దాటిన కార్యక్రమము తెరపై కనబడదు. ప్రభుత్వము దేనిని నిషేధింపలేదు. తాళమును పెట్టెలో నమర్పించి, తాళపుచెవిని తల్లిదండ్రుల చేతికిచ్చినది. వాక్స్వాతంత్ర్యమును ప్రాణప్రదముగా నెంచు దేశమున ఇది ఉచితమైన మార్గమే.

ఐనను ఆ తరగతులను నిర్ణయించునది ఎవరు? ప్రసారసంస్థలే! గ్రంథాలయమున బాలల బీరువాలో ఏ పుస్తక ముండవలెనో పుస్తకముల వర్తకుడు నిర్ణయించునా? వార్తలకు, క్రీడలకు, ప్రకటనలకు అసలు తరగతియే లేదు. ఘోరదృశ్యములు వార్తలలోనే కనబడు దినములు లేకపోలేదు గదా!

అంతకంటె పెద్ద లోపము మరియొకటి. 2004లో కైజర్ ఫ్యామిలీ ఫౌండేషన్ విచారింపగా, ఆ పరికరమును వాడినవారు నూటికి 15 మంది తల్లిదండ్రులు మాత్రమే. క్రొత్త పెట్టె కొన్నవారిలో పలువురకు అది తమ ఇంటనున్నదనియే తెలియదు. పరికరము ఇంటికి చేరినది గాని దాని సంగతి చేరలేదు. బహుశః ఆ మర్మమును ముందుగా గ్రహించినవారు పిల్లలే యేమో!

భారత ప్రభుత్వము 2021 ఫిబ్రవరిలో ప్రకటించిన నియమములు అంతర్జాలమున చిత్రములను, ధారావాహికలను చూపు సంస్థలకు సంబంధించినవి. వయస్సును బట్టి 5 తరగతులను విధించి, 13 ఏండ్లు, ఆపై తరగతులకు తాళపు సౌకర్యము కల్పింపవలెనని నిర్దేశించినవి. ఇందును తరగతిని నిర్ణయించునది చూపు సంస్థయే. టెలివిజనుకు తాళము వేసినను చేతిలోని ఫోనుకు వేరుగా వేయవలెను. సంస్థ కొక పద్ధతి, పద్ధతి కొక రహస్యసంఖ్య. వస్తువు నమ్మునపుడే తాళము వేయు విధానమును కొన్నవారి భాషలో చేసి చూపవలెనని విధించియున్నచో, ఈ నియమములు మరింత ఫలించియుండెడివి. అట్టి విధి వచ్చువరకు ఆ పనికి గ్రామ గ్రంథాలయమున ఒక సాయంకాలము చాలును.